పెరటి కొట్టులో చింతపండు

కార్తీక శుద్ధ త్రయోదశి, సోమవారం. ఉదయం నుంచి మబ్బు. తూర్పు గాలి.

ఉన్నవారు: వీధి సమారాధన సంఘం అధ్యక్షుడు సత్యనారాయణ, ఎదురింటి విశ్వేశ్వరరావు, బియ్యం బస్తాలు తెచ్చిన ఇద్దరు కళాసీలు, వంటింటి గడప లోపల నా భార్య సరస్వతి, నేను, పోలమ్మ.

ఆ రాత్రి నా డైరీలో ఇదంతా రాసుకున్నాను, ఆఖరి పేరు తప్ప. ఆ పేరు ఇప్పుడు చేర్చాను. చేర్చడానికి తొమ్మిది కార్తీకాలు పట్టింది.

ఈ తొమ్మిదేళ్లూ ఒక బరువు మోస్తూ తిరిగాను. బయటికి తెలిసే బరువు కాదు. నలుగురిలో కూర్చుంటాను, పంచాంగం చూసి మంచిరోజు చెబుతాను, ఎవరింట్లో ఏ సంవత్సరం ఏ పెళ్లి జరిగిందో అడిగితే తడుముకోకుండా చెబుతాను. ఈ వీధికి నేను జ్ఞాపకశక్తి ఉన్న పెద్దమనిషిని. మీరెవరో నాకు తెలియదు. నా వీధివారు కారు, నా బంధువులు కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేవాణ్ని కాదా? చెప్పేవాణ్నేనా? తెలియదు.

మాది నరసన్నపేట. వర్తకుల వీధి. ఈ వీధిలో అందరూ షావుకార్లే, నేను తప్ప. నేను ఒక అపరాల కొట్టులో గుమస్తాగా చేరి, అదే కొట్టులో గుమస్తాగా ముసలివాణ్నయ్యాను. పదవీ విరమణ అనేది మాబోటివాళ్లకు పెద్ద మాట. ఒకరోజు యజమాని కొడుకు కంప్యూటరు తెచ్చాడు. ఇంకొక రోజు నాకు శాలువా కప్పాడు. అంతే.

పీఎఫ్ పెన్షను ఒకటి వస్తుంది. ఎంతో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. పోస్టాఫీసులో వేసుకున్నదాని మీద వడ్డీ ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. ముసలివాళ్లకు గవర్నమెంటు ఇచ్చే పెన్షను కోసం వెళ్తే, నీకు ఒక పెన్షను ఉంది కదా, రెండోది రాదన్నారు. ఆ ఉన్నదెంతో అడిగినవాడు లేడు. ఈలోగా సరస్వతికి షుగరు. మొదట మాత్రలు, తరువాత ఇంజెక్షన్లు.

ఏదో ఒకటి చేద్దామని చూశాను. చిన్న కొట్లవాళ్లకు లెక్కలు రాసిపెడతానన్నాను. అందరి లెక్కలూ ఫోన్లోకి వెళ్లిపోయాయి. సరస్వతి వడియాలు పెట్టింది. పట్టుకెళ్లి నాలుగిళ్లలో ఇచ్చాను. ఎంతండీ అని వాళ్లు అడగలేదు, ఇంత అని నేను చెప్పలేకపోయాను. ఇచ్చిన గిన్నెల్లో వాళ్లు లడ్డూలు పెట్టి పంపారు. షుగరు ఉన్న ఇంటికి!

అయినా సమారాధనకు నా వంతు చందా ప్రతి కార్తీకంలోనూ ముందే ఇచ్చేవాణ్ని. అది మానేస్తే వీధికి తెలిసిపోతుంది. ఏం తెలిసిపోతుంది? నా దగ్గర లేదని. అదేమైనా నేరమా? ఆరోజుల్లో నాకు నేరంలాగే ఉండేది. వర్తకం చేసే పుట్టుక పుట్టి వయసు మీరాక చేతిలో ఏమీ లేదంటే, మావాళ్లలో జాలి కంటే ముందు ఒక చూపు వస్తుంది. ఆ చూపు నేనెరుగుదును. ఇతరుల మీద నేనే ప్రయోగించాను.

మా పెరట్లో ఒక కొట్టు ఉంది. మా నాన్న బెల్లం నిలవ చేసిన గది. మందపాటి గోడలు, పైన పెంకులు, పక్కనే పెరటి గోడలో వెనక సందులోకి ఒక తలుపు. ఖాళీగా ఉండేది. నాకు ఉన్న ఆస్తి అదే. కానీ మా వీధిలో సరుకు ఉన్నవాడికి సొంత గిడ్డంగి ఉంటుంది. గిడ్డంగి లేనివాడికి సరుకు ఉండదు. ఎవరు తీసుకుంటారు?

పోలమ్మ తీసుకుంది. నిజం చెప్పాలంటే, నేనే తీసుకోమన్నాను. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

పోలమ్మ కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డు మనిషి. ఇంచుమించు నా ఈడు. భర్త పోయాడు. సంత రోజున మా అపరాల కొట్టుకు ఎదురుగా గోనె పరుచుకుని ఎండుచేపలు అమ్మేది. మిగిలిన రోజుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. కొట్టు కుండలోని నీళ్లు పోసేవాణ్ని, దూరంనుంచి, ఆమె దోసిలిలోకి. అంతవరకే పరిచయం. కానీ ముప్పై ఏళ్ల పరిచయం. నన్ను 'సావుకారి బాబు' అనేది. నేను షావుకారును కాను, గుమస్తానని ఎన్నోసార్లు చెప్పాను. వినలేదు. ఈ లోకంలో నన్ను అలా పిలిచింది ఆమె ఒక్కతే.

నేను ఇంట్లో కూర్చున్న ఏడాదికి ఒక సంతలో కనిపించి, మెడ పట్టేస్తోందని చెప్పింది.

"ఇంక తట్ట మొయ్యలేను బాబూ. కూకోని తినాలంటే సరుకుండాల. కార్తీకంలో నీచు ముట్టరు గదా జనాలు, మా ఒడ్డున సరుకు సవగ్గా ఉంతాది. అప్పుడు కొనీసి దాసుకుని, నెల ఎల్లినాక అమ్మితే ఏడాది గడిసిపోతాది. దాసుకోడానికే సోటు నేదు. మా పాకల్లో ఉప్పుగాలికి మెత్తబడిపోతాది."

ఆమె చెబుతున్నది తన పదవీ విరమణ గురించి. నాకు వెంటనే అర్థమైంది. నాకు పీఎఫ్ పెన్షను వచ్చినట్టే ఆమెకు వితంతు పెన్షను వస్తుంది, నాలాగే అది చాలదు. తేడా ఏమిటంటే, ఆమె దగ్గర ఒక ఆలోచన ఉంది. నా దగ్గర ఒక గది ఉంది.

"మా పెరటి కొట్టు ఉంది కదా" అన్నాను.

పోలమ్మ నవ్వింది. "నీకేటి మతి పోనాదా? ఉల్లిపాయ తరిగితే గుసగుసలాడే ఈది మీది. కార్తీకంలో నెత్తళ్ల బస్తాలా?"

బతిమాలింది ఆమె కాదు. నేను. వెనక సందు తలుపు గురించి చెప్పాను. గోనెసంచుల పైవరసలో చింతపండు బస్తాలు పెడదామన్నాను. ఎవరైనా అడిగితే చింతపండని చెప్పు అన్నాను. ఆ మాట నేనే నేర్పాను. ఆమె రెండుసార్లు వల్లించి, "అలాగే సెప్తాను బాబూ, సింతపండు" అంది. బడిపిల్లలా.

సరస్వతికి చెప్పాను. ఆవిడ పొయ్యి మీది గిన్నె దించింది. తరువాత, "కొట్టు మీది. నేను అన్నం తినే పీట నాది. నా వంటింట్లోకి గాలి రాకుండా చూసుకోండి" అంది. ఇంజెక్షన్ల సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ఆ ఏడు కార్తీకం రాగానే సరుకు వచ్చింది. నెత్తళ్లు, కవళ్లు వంటి ఎండుచేపలు, రొయ్యపప్పు. కొట్టుకు రెండు తాళంచెవులు. ఒకటి నాది, ఒకటి పోలమ్మ బొడ్లో. అద్దె ముందే ఇచ్చింది. అది చేతిలో పడిన రోజున నేను మందుల షాపులో నిలబడి, జీవితంలో మొదటిసారి షావుకారులా, ఎంతయింది అని గట్టిగా అడిగాను.

వాసన రాకుండా రోజూ సాయంత్రం పెరట్లో సాంబ్రాణి వేసేవాణ్ని. వారం తిరిగేసరికి వీధి మొత్తం నాకు భక్తి ముదిరిందనుకుంది. పక్కింటి ఆడవాళ్లు తమ భర్తలకు నన్ను చూపించి చెప్పేవారట. ఒక్క పిల్లుల్ని మాత్రం సాంబ్రాణి మోసం చేయలేకపోయింది. చీకటి పడేసరికి పెంకుల మీద ఐదారు చేరేవి. ఎదురింటి విశ్వేశ్వరరావుకు నేను వరసకు బావను. అతను అరుగు మీదనుంచి కేక వేసేవాడు: "ఏటి బావా, ఊళ్లో పిల్లులన్నీ మీ ఇంటికే కార్తీక పురాణానికి వస్తన్నాయేటి?" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. నవ్వుతూనే ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేసేవాణ్ని.

నేను పద్ధతి మనిషిని. అన్నీ ముందే ఆలోచించాను. ప్రతి ఏడూ సమారాధన బియ్యం, కూరగాయలు మా కొట్టులోనే పెట్టేవారు. ఆ ఏడు ఊరి బయట తోటలో వంటలన్నారు కాబట్టి మా కొట్టుతో పని లేదు. అది ఖాయం చేసుకున్నాకే పోలమ్మతో మాట్లాడాను. నేను ఆలోచించనిది ఒక్కటే. వాన.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పారు. ఎల్లుండి పున్నమి. తోట కుదరదు, వీధిలోనే షామియానా వేద్దామని సంఘం ఆ సోమవారం మధ్యాహ్నం నిర్ణయించింది. బియ్యం తడవకుండా ఎక్కడ పెట్టాలి? ఎవరూ ఆలోచించనక్కర్లేదు. ఎప్పుడూ పెట్టే చోటు ఉంది కదా.

సత్యనారాయణ చెడ్డవాడు కాడు. ఇది కూడా గుర్తుంచుకోండి. నాకంటే చిన్నవాడు, నన్ను మావయ్యా అంటాడు. కళాసీలతో బస్తాలు ఎత్తించుకుని పెరట్లోకి వచ్చి, "మావయ్యా, తాళం తియ్యండి. వాన దిగిపోతాది" అన్నాడు. వెనకాలే వినోదం చూడ్డానికి విశ్వేశ్వరరావు.

తాళంచెవి కనిపించడం లేదన్నాను. అది నా లాల్చీ జేబులో ఉంది.

"మీకు తాళంచెవి కనిపించకపోవడమేటి? మా తాతగారి పెళ్లి ఏ వారమో చెప్తారు మీరు" అని నవ్వాడు సత్యనారాయణ. విశ్వేశ్వరరావు ముక్కు ఎగబీల్చి కొట్టు తలుపు వైపు నడిచాడు. పెంకుల మీద పిల్లి ఒకటి అరిచింది.

సరిగ్గా అప్పుడు వెనక సందు తలుపు తోసుకుని పోలమ్మ వచ్చింది. చంకలో నీలం రంగు బరకం. ఆమె కూడా ఆకాశం చూసింది. పెంకుల్లోంచి కారుతుందేమో, సరుకు మీద కప్పుదామని ఒడ్డునుంచి ఆటో ఎక్కి వచ్చింది. ఇంతమందిని చూసి ఆగిపోయింది. బొడ్లోని తాళంచెవి అందరికీ కనబడుతూనే ఉంది.

ఆ తరువాత జరిగినదాన్ని నేను ఎన్ని విధాలుగా చెప్పుకున్నానో. ఇప్పుడు జరిగినట్టే చెబుతాను.

సత్యనారాయణ అడిగితే ఆమె తాళం తీసింది. తలుపు తెరుచుకుంది. వాసన బయటికి వచ్చింది. కళాసీలు కిందికి చూస్తూ నవ్వు ఆపుకున్నారు. వాళ్లకు అది భోజనం వాసన. మిగిలినవాళ్లు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేటి మావయ్యా?" అన్నాడు సత్యనారాయణ. కోపంగా కాదు. నమ్మలేక.

అంతా నన్నే చూస్తున్నారు. అప్పుడు నేను ఏం చెప్పి ఉండవచ్చు? డబ్బు చాలడం లేదు, అద్దెకిచ్చాను అనవచ్చు. ఒక వాక్యం. చెబితే ఏమయ్యేది? ఆ చూపు వచ్చేది. నెల రోజులు గుసగుసలు నడిచేవి. బహుశా సత్యనారాయణే ముందుకు వచ్చి ఏదో సాయం చేసి ఉండేవాడు. ఇవన్నీ ఇప్పుడు తెలుస్తున్నాయి. అప్పుడు నా నోట వచ్చింది ఇది:

"నాకు చింతపండని చెప్పిందయ్యా. నమ్మాను."

పోలమ్మ నన్ను చూసింది. ఆ చూపులో కోపం వెతికాను, ఇప్పటికీ వెతుకుతున్నాను, లేదు. లెక్క ఉంది. సంతలో బేరం ఎక్కడికి తేలుతుందో చూసే మనిషి కళ్లలో ఉండే లెక్క.

"అవును బాబూ" అంది సత్యనారాయణతో. "సింతపండనే సెప్పినాను. తప్పు నాదే. ఈ బాబుకేటీ తెల్దు."

నేను నేర్పిన మాటే. అప్పజెప్పినట్టు తిరిగి చెప్పింది.

తరువాత అతనికి చేతులు జోడించింది. "తెల్లారగానే ఆటో తెచ్చుకుని అట్టుకుపోతాను. కడిగీసి, పసుపునీళ్లు సల్లీసి మరీ ఎల్తాను. ఈ ఒక్క రేతిరికి ఉండనియ్యండి. వాన వచ్చేలాగున్నాది. తడిస్తే అంతా పోతాది బాబూ, ఏడాది తిండి."

ఆమె లెక్క అప్పుడు నాకు అర్థమైంది. నా పరువు ఆమె కాపాడింది. దానికి బదులుగా ఒక్క రాత్రి నేను ఇప్పిస్తాననుకుంది. న్యాయమైన బేరం. నామీద నమ్మకంతో సరుకు ముందు ఇచ్చేసింది.

విశ్వేశ్వరరావు కూడా కండువా తీసి, "ఒక్క రాత్రికేటి బావా, బియ్యం మా వసారాలో దించుదాం. సాంబ్రాణి ఎలాగా వేస్తన్నావు కదా" అన్నాడు. ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. ఆరోజు దారి చూపించాడు.

సత్యనారాయణ ఆలోచించాడు. "ఇల్లు మీది మావయ్యా. మోసపోయినది మీరు. మీరెలాగంటే అలాగ" అన్నాడు.

చూశారా? ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. అందరూ తలుపు తెరిచి పట్టుకున్నారు, నేను నడిచి బయటికి రావడమే తరువాయి. ఉండనీయండి అనాలి. అంతే అనాలి.

కానీ మోసపోయిన మనిషి అలా అంటాడా? కార్తీక సోమవారం పూట, ఉపవాసం ఉన్న ఇంట్లో, చింతపండని నమ్మించి చేపలు పెట్టిన మనిషి మీద జాలిపడితే, వీడికి ముందే తెలుసేమో అని వీళ్లలో ఒక్కరికైనా అనిపించదా? ఇంత ఆలోచన ఆ క్షణంలో చేశానా, లేక తరువాత అల్లుకున్నానా? చేశాననే అనుకుంటాను. నేను పద్ధతి మనిషిని. ఒక అబద్ధం ఆడితే దానికి తగినంత కోపం కూడా ఉండాలని నాకు తోచింది.

"ఇప్పుడే తియ్యాలి" అన్నాను. "ఈ క్షణం."

చింతపండు అబద్ధానికి నన్ను ఎవరైనా క్షమించవచ్చు. భయంతో ఆడాను. ఈ మాట భయంతో అన్నది కాదు. అప్పటికి నా పరువు దక్కింది. దక్కిన పరువుకు పాలిష్ పెట్టుకోవడానికి అన్నాను.

వంటింటి గడప లోపల గాజుల చప్పుడు అయింది. సరస్వతి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పోలమ్మ కొంగు నడుముకు బిగించి బస్తాలు లాగడం మొదలుపెట్టింది. కళాసీల్లో ఒకడు చేయి వేయబోయి, నా ముఖం చూసి మానేశాడు. మెడ పట్టేసిన మనిషి. ఒక్కొక్క బస్తా వెనక సందు చివరి వరకు మోసింది. అక్కడ మూసి ఉన్న ఒక సైకిలు షాపు ముందు రేకు చూరు ఉంది. ఆ చూరు కింద అన్నీ చేర్చి, పైన ఆ నీలం బరకం కప్పింది. ఆటోలు దొరకలేదు. గాలికి ముందే అందరూ ఇళ్లకు పోయారు.

దీపాల వేళకు వాన వచ్చింది. పక్కనుంచి కొట్టే వాన. రేకు చూరు ఆ వానకు ఏం అడ్డం? మా కొట్టులో సమారాధన బియ్యం పొడిగా ఉంది.

కార్తీక సోమవారాల్లో సరస్వతి పగలంతా ఏమీ తినదు. నక్షత్రం చూసి భోజనం చేస్తుంది. మబ్బుపట్టిన రోజున, చీకటి పడితే చాలు, చూసినట్టే లెక్క. ఎన్నేళ్లుగానో అలాగే చేసింది. ఆరోజు నాకు వడ్డించి, తను పీట మీద కూర్చోలేదు.

"నువ్వూ తిను. షుగరు పడిపోతుంది" అన్నాను.

"చుక్క కనపళ్లేదు" అంది.

నేను తిన్నాను. అది కూడా చెప్పాలి. తిన్నాను.

తరువాతి సంగతి వింటే మీకు నేను ఎక్కడ ఇరుక్కున్నానో తెలుస్తుంది. సమారాధన అయ్యాక సత్యనారాయణ మా ఇంటికి వచ్చాడు. మీలాంటి పెద్దవారు ఎవరో ఒకరికి గది ఇచ్చి మోసపోవడం సంఘానికే మచ్చ అన్నాడు. సంఘం గుండిగలు, గరిటెలు, షామియానాలు పెట్టుకోవడానికి ఆ కొట్టు నెలవారీ అద్దెకు తీసుకుంటామన్నాడు. పోలమ్మ ఇచ్చినదానికంటే ఎక్కువ. ఆ అద్దె ఈ నెల కూడా వచ్చింది. సరస్వతి ఇంజెక్షన్లు దానితోనే. నేను ఈ నిజం వీధిలో చెబితే, అద్దె పోతుంది. చెప్పకపోతే, నా భార్య ఒంట్లోకి వెళ్లే ప్రతి సూదిలోనూ ఆ సాయంత్రం ఉంటుంది. ఆవిడకు అది తెలుసు. చేయి చాపుతుంది, ముఖం అటు తిప్పుకుంటుంది. సూది భయం అనుకుంటారు చూసేవాళ్లు.

దారి వెతకలేదా అంటే, ఒకసారి వెతికాను. మూడేళ్లకు అనుకుంటాను, సంతకు వెళ్లాను. పోలమ్మ మళ్లీ తట్ట పట్టింది. మెడ ఒక పక్కకు వంగిపోయింది. ఎదురుగా నిలబడ్డాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గరనుంచి కూడబలుక్కుని వెళ్లాను. ఆమె తలెత్తి, ఎవరితోనైనా మాట్లాడినట్టే, "ఏటి బాబూ, ఇలాగొచ్చినావు? నీకు నానేటి అమ్మగలను?" అంది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నిజమే. చేపలు కొనే మిషతో కూడా ఆమె ముందు నిలబడే వీలు లేదు నాకు. వెనక్కి వచ్చేశాను. ఈ మధ్య సంతలో ఆమె చోటులో వేరే మనిషి కూర్చుంటోంది. పోలమ్మ ఏమైందని నేను అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందో అని.

ఇప్పుడు రాయడం ఎందుకంటే, ఈ పున్నమికి సంఘంవాళ్లు నన్ను సన్మానిస్తారట. వీధి చరిత్ర రాసిపెట్టమన్నారు, మీ డైరీల్లో అన్నీ ఉంటాయి కదా మావయ్యా అన్నారు. కూర్చుని రాస్తూ రాస్తూ ఆ సోమవారానికి వచ్చాను. 'వాన వల్ల సమారాధన వీధిలోనే ఘనంగా జరిగింది' అని రాసి, కలం కదలక ఆగాను. రెండో శాలువా కప్పుకోబోతున్నాను. వద్దంటే ఎందుకంటారు. కప్పుకుంటే?

మీకు చెప్పినందువల్ల పోలమ్మ సరుకు ఆరదు. నాకు తెలుసు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్క మనిషికైనా జరిగినట్టు చెప్పాను, అంతే. ఇంకా మిగిలింది మర్నాటి పొద్దు ఒక్కటే. అది చెప్పి ఆపుతాను.

తెల్లవారేసరికి వాన వెలిసింది. ఆడవాళ్లు తులసికోటల దగ్గర దీపాలు పెడుతున్నారు. వెనక సందు తలుపు చప్పుడైతే వెళ్లాను. సందు చివర ఆటో నిలబడి ఉంది. దానిలో బస్తాలు. ఉబ్బి ఉన్నాయి, గోనెల్లోంచి నీళ్లు కారుతున్నాయి. పోలమ్మ చీర ఒంటికి అతుక్కుపోయి ఉంది. చేతిలో చీపురు, బకెట్టు.

"కడుగుతానన్నాను గదా నిన్న" అంది.

బియ్యం బస్తాలు చెక్కల మీద ఉన్నాయి. వాటికి తగలకుండా ఒద్దికగా, మూలలన్నీ తోమింది. పసుపునీళ్లు చల్లింది. సందులోకి నీళ్లు ఊడ్చింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. పని అయ్యాక బొడ్లోంచి తాళంచెవి తీసి, తుడిచి, అరుగు మీద పెట్టింది.

"ఓపాలి లోపలికొచ్చి వాసన సూడు సావుకారి బాబూ. మల్లీ ఎవులైనా వచ్చి నిన్నేటైనా అంటారు."

తడి నేల మీద కాలు పెట్టి లోపలికి వెళ్లాను. గాలి పీల్చాను. పసుపు వాసన, తడి సున్నం వాసన, వాటి కింద అది.

"లేదు పోలమ్మా" అన్నాను.

తలూపి, బకెట్టు తీసుకుని, ఆటో వైపు వెళ్లిపోయింది.

ఉంది పోలమ్మా. ఇవాళ చెబుతున్నాను. ఉంది.